బీన్స్ చేలో కామంచి

"ఈ ఏడు మీ పారలు అక్కర్లేదు," అన్నాడు ఆసామి గుండర్సన్, ట్రాక్టరు దిగకుండానే. "విత్తకముందే మట్టిలో మందు కలిపేశాను. గడ్డి మొలవదు. ఆరోరా ఒక్కతే చాలు. మిగతావాళ్ళు తిరిగి టెక్సస్ పొండి."

బీన్స్ చేలో కలుపు తీయడానికి పిల్లాపాపలతో టెక్సస్ నుంచి ఉత్తర డకోటా దాకా వచ్చిన జనం గట్టు మీద కొయ్యబారిపోయారు. వాళ్ళ ఏడాది తిండి ఈ పని మీదే. వాళ్ళలో ఉన్న నిదియా మాత్రం గుండర్సన్‌ని చూడలేదు. ఆరోరానే చూసింది. ఆమె చేతుల్లో ఉన్నదేమిటి, తన చేతుల్లో లేనిదేమిటి?

తిరిగి పోవడానికి డబ్బుల్లేక జనం కూలీల క్యాంపులోనే ఉండిపోయారు. ఆరోరా రొట్టెల మూటతో చేలోకి పోతుంటే నిదియాకు కడుపు మండేది. "రాణీగారు బయల్దేరారు!" అనేది వినబడేలా. ఆరోరా తల తిప్పేది కాదు.

మందు గడ్డిని మొలకలోనే చంపింది. కామంచి మొక్కను మాత్రం ఏమీ చేయలేకపోయింది. వానలు పడగానే అది సాళ్ళ నిండా లేచింది. కోతలప్పుడు దాని పళ్ళు చితికితే బీన్స్ గింజలకు ఊదా మరకలు పడతాయి, ఇక వాటిని కొనేవాడుండడు.

నిదియా సంతోషించింది.

గుండర్సన్ క్యాంపుకు పరిగెత్తుకొచ్చాడు. "ఆరోరా వెనకబడింది, తీసేశాను. నిదియా, నువ్వు చురుకు. నువ్వు రా."

నిదియా పార అందుకుంది. జనం వెంటపడ్డారు.

"సిగ్గులేదే పిల్లా!"

"పోనీ, ఒక్క ఇంట్లోనైనా పొయ్యి వెలుగుతుంది."

"రేపు దీన్నీ తరిమేస్తాడు, చూస్తుండు!"

పొమ్మన్నా పోకుండా ఆరోరా సగం సాలులో వంగి ఉంది. తమ సాలు ముగించినవాళ్ళు వెనకబడినవాళ్ళ సాలు అవతలి కొస నుంచి అందుకుంటారు. అది వాళ్ళ అలవాటు. నిదియా కాళ్ళు వాటంతటవే ఆ కొసకు నడిచాయి. ఇద్దరూ నడుమ కలిశారు.

"ఎదురొచ్చేవాళ్ళు లేకే వెనకబడ్డాను," అంది ఆరోరా. "నువ్వేమో గుమ్మంలో కూర్చుని తిట్టావు."

"తిట్టాను. నిన్ను చూసి కుళ్ళిపోయాను. వాడికి కావలసిందీ అదే అక్కా."

"ఆరోరా, నిన్ను పొమ్మన్నానా!" గుండర్సన్ అరిచాడు.

నిదియా పార కింద పడేసింది. "అందరికీ పని ఇస్తేనే చేస్తాం. లేదంటే నీ మందునే పిలుచుకో, అదే వంగి పీకుతుంది!"

జనం గొల్లున నవ్వారు. ఒక్కొక్కరే వచ్చి సాళ్ళకు అడ్డంగా కూర్చున్నారు.

పోలీసు కారు వచ్చింది. గుండర్సన్ వేలు చూపగానే ఆరోరాను ఎక్కించారు. నిదియా కడుపులో మళ్ళీ భగ్గుమంది. దీనికీ ఆమేనా ముందు? పరుగున వెళ్ళి కారు తలుపు పట్టుకు లాగింది.

"జరుగక్కా, నాకూ చోటివ్వు."

"మాకూ!" అంటూ జనమంతా లేచి కారును చుట్టుముట్టారు. ఇంజను అరుస్తూనే ఉంది, చక్రం మాత్రం కదల్లేదు.