పన్నెండో బస్తా

"ఊళ్లో చెత్తంతా నీకే కావాలా?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఆమె పాలు దించి, అత్తగారికి మాత్రలిచ్చి, రబ్బరు తొడుగులు తీసుకుని వీధిలోకి నడిచింది.

వీధి చివరి ఖాళీ స్థలంలో మొదట ఎవరో చిరిగిన పరుపు పడేశారు. దానికి తోడు విరిగిన కుర్చీలు, ఆ వెనక బస్తాలు. ఏడాది తిరిగేసరికి గుట్టయింది. పోయిన వారం బడినుంచి వస్తుంటే కూతురి పాదంలో టైల్ ముక్క దిగింది. ఆఫీసుకు సెలవు పెట్టిందీ ఆమే, కుట్లు వేయించుకొచ్చిందీ ఆమే. చివరికి, "పిల్లను చూసుకోవడం కూడా చేతకాదా?" అన్న భర్త మాట పడిందీ ఆమే.

గుట్ట గురించి ఫిర్యాదు చేస్తే పారిశుధ్య అధికారి మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "ఎవరు పోశారో రుజువు తెండమ్మా, వాళ్ల చేతే ఎత్తిస్తాను."

ఆసుపత్రి రికార్డుల గదిలో పదేళ్లుగా గుమాస్తా ఆమె. కాగితం కనబడితే చాలు, అది ఎవరిదో తేల్చందే వదలదు. ఎదురింటి టీచరు, మూలింటి టైలరమ్మ సాయం పట్టారు. బస్తా విప్పడం, కరెంటు బిల్లునో పార్సిల్ మీది చిరునామానో పట్టుకోవడం, ఆమె జాబితాలో రాసుకోవడం. పదకొండు ఇళ్ల చిరునామాలు దొరికాయి. ముగ్గురూ చాలాకాలానికి కడుపుబ్బ నవ్వుకున్నారు.

పన్నెండో బస్తా నిండా టైల్ ముక్కలు. మధ్యలో సామాను దిగినట్టు రసీదు. కింద సంతకం ఆమె భర్తది. ఇళ్లకు టైల్స్ వేయించే కాంట్రాక్టరు అతను.

టైలరమ్మ గొంతు తగ్గించింది. "చింపేద్దామా అక్కా? మేం చూడలేదనుకో."

రసీదు చూస్తుంటే ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది. మంచం మీద తడి తువ్వాలు, తాగిన చోటే కప్పు, విడిచిన చోటే చొక్కా. అతను వదిలింది ఎత్తడమే కాపురం అనుకుంటూ పద్నాలుగేళ్లు గడిపింది. దీన్ని కూడా ఎత్తి దాచేస్తే రేపు కూతురికి ఏ ముఖంతో కట్టు మారుస్తుంది? జాబితాలో పన్నెండు అంకె వేసి, అదే గుండ్రటి దస్తూరీతో అతని పేరు రాసింది.

జాబితా అధికారికి ఇచ్చే ముందు భర్తకు చూపించింది.

"మొగుడి మీదే ఫిర్యాదా? నలుగురిలో నా పరువేం కాను?" అన్నాడు. కాసేపటికి, "లారీవాడికి అప్పజెప్పాను. వాడెక్కడ పోశాడో నాకేం తెలుసు?"

"పాప కాల్లో దిగింది మీ ముక్కేనో కాదో నాకూ తెలీదండీ. బస్తా మాత్రం మీది."

అతను రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆదివారం పొద్దున్నే పారిశుధ్య అధికారి ఎదురుగా నిలబడితే పన్నెండు ఇళ్లవాళ్లూ పారలు పట్టారు. ఆమె భర్త కూడా తల వంచుకునే ఎత్తాడు. మధ్యాహ్నానికి నేల కనబడింది.

ఒళ్లంతా దుమ్ముతో వచ్చి, "అన్నం పెట్టు" అన్నాడు.

"వంటింట్లో ఉంది, పెట్టుకోండి. మేం తినేశాం" అంది ఆమె, కూతురి పక్కన కాళ్లు చాపుకుని.

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆమె అన్నం వేడిగా తిన్నది ఆరోజే.