ఆ పీక్ చెరపను

"ఆ చిన్న పీక్ తీసెయ్యమ్మా," అన్నారు ప్రొఫెసర్ నరసింహమూర్తిగారు, తెర మీది గ్రాఫ్‌లో పైకి లేచిన చిన్న మొనను వేలితో పొడుస్తూ. "అది మన గోదావరి గాలిలో తేమ. పేపర్ శుభ్రంగా ఉండాలి."

శ్రీదుర్గ మౌస్ ముట్టుకోలేదు.

పాలకొల్లులో బట్టల కొట్టు నడిపే ఇంట్లో పుట్టి, రాజమండ్రిలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆ గ్రాఫులు గీసే ల్యాబ్‌లోని లేజర్ యంత్రమంటే ఆమెకు ప్రాణం. కలరా ఉండల జాతికి చెందిన అణువుల ఆవిరిని హీలియంలో కలిపి, సన్నటి రంధ్రంలోంచి శూన్యంలోకి చిమ్మితే, అవి క్షణంలో విపరీతంగా చల్లబడి కుదురుకుంటాయి. అప్పుడు వాటి మీద లేజర్ వేస్తే, మామూలు వేడిలో అలుక్కుపోయే గ్రాఫ్ విడివిడి పీకులుగా నిలబడుతుంది. పెద్ద పీక్ పక్కన ఈ బుల్లిది ప్రతిసారీ వస్తోంది.

"తేమే అయితే పరీక్షించి చూద్దామండి," అంది.

"టైం లేదు. వచ్చేవారం మన ల్యాబ్ పని చూడ్డానికి కమిటీ వస్తోంది. నీ పేరు పేపర్ మీద ఉండాలా వద్దా?"

"అది చెరిపేస్తే నా పేరు వద్దు సార్."

గదిలోంచి బయటికొచ్చాక సీనియర్ ఉదయ్‌భాస్కర్ తల పట్టుకున్నాడు. "ఒక్క పీక్ కోసం గైడ్‌తో గొడవేంటి శ్రీదుర్గా? నీ థీసిస్ ఆయన చేతిలో ఉంది."

"డేటా నా చేతిలో ఉంది కదా అన్నయ్యా," అంది.

కమిటీ వాళ్లు వచ్చిన రోజున ఆయన శుభ్రం చేసిన గ్రాఫ్ చూపిస్తుంటే ఆమె లేచి నిలబడింది. "అందులో ఒక పీక్ చెరిపేశారండి. యంత్రం దగ్గరికి వస్తే చూపిస్తాను."

ఆయన మొహం కందగడ్డయింది. "రండి, చూద్దాం," అన్నారు పళ్లు బిగించి.

ముందుగా ఆమె హీలియంను ద్రవ నత్రజనిలో ముంచిన గొట్టం గుండా పంపి తేమంతా తీసేసింది. చిన్న పీక్ మాయమైంది.

"చూశారా? నీళ్లే!" అన్నారు నరసింహమూర్తిగారు.

"నీళ్లేనండి. మీరన్నదే నిజం." ఈసారి హీలియంను నీటి మీదుగా పంపింది. బుల్లి పీక్ ఏపుగా లేచింది. "కానీ చెత్త కాదండి. మన అణువును ఒక్క నీటి అణువు పట్టుకుంటే, ఆ జంట తనదైన చోట వెలుగుతోంది. అది కళ్ల ముందు ఉంటే లేదని ఎలా రాస్తాం?"

కమిటీలోని పెద్దావిడ రెండు గ్రాఫులూ అడిగి తీసుకున్నారు.

"అయితే ఆ పేపర్ నువ్వే రాసుకో. నా పేరు వద్దు," అన్నారాయన, ఆమె బెదిరిపోతుందనుకుని.

"సరేనండి," అంది శ్రీదుర్గ.

గైడ్‌ను మార్చుకోవడానికి ఒక ఏడాది పోయింది. పేపర్ రెండుసార్లు వెనక్కొచ్చింది. మూడోసారి రెండు పీకులతోనే అచ్చయింది. మర్నాడు ఉదయం ఆమె యథాప్రకారం నరసింహమూర్తిగారి ల్యాబ్ తలుపు తట్టి, "ఈ పూట లేజర్ టైం నాదేనండి," అంటూ లోపలికి నడిచింది.