టిక్కుమన్న చోటల్లా

కళ్లు కనిపించని విద్యార్థుల లైబ్రరీకి పుస్తకాలు చదివి రికార్డు చేసివ్వడం ఆమెకు ఆరేళ్లుగా ఉన్న పని. ఇంట్లో చివరి గది, తలుపు వెనక వేలాడదీసిన రెండు బొంతలు, బల్ల మీద కంప్యూటరు, మైకు. భర్త డ్యూటీకి, కూతురు స్కూలుకు వెళ్లాక ఆ గదిలో కూర్చుని మూడు గంటలు ఏకధాటిగా చదివేది. భౌతికశాస్త్రం దగ్గర్నుంచి ప్రేమకథల దాకా ఆ గొంతులోంచి వెళ్లని పుస్తకం లేదు. లైబ్రరీ పిల్లలు ఆమెను ముద్దుగా పుస్తకాలత్త అంటారు.

అలాంటిది, ఒక సోమవారం లైబ్రేరియన్ ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకండి. పాఠం మధ్యలో టిక్కు టిక్కుమంటోంది. పిల్లలు వినలేకపోతున్నారు."

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. నిజమే. ఎండుపుల్ల విరిచినట్టు ఒక టిక్కు. నిమిషం ఊరుకుని మళ్లీ ఒకటి. సరిగ్గా సూత్రం చెప్పే చోట టప్‌మని, సగం మాట మింగేసింది.

భర్త లిఫ్టు మెకానిక్. సాయంత్రం రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా బల్ల కింద దూరాడు. ప్లగ్గు మార్చాడు, ఎర్త్ చూశాడు, మర్నాడు కొత్త వైరు కొనుక్కొచ్చాడు. అయినా టిక్కులు పోలేదు. "ఇరవై అంతస్తుల లిఫ్టులో చప్పుడు పట్టేస్తాను గానీ దీన్ని పట్టలేకపోతున్నాను" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పెళ్లయి పదహారేళ్లు. ఏ కష్టమొచ్చినా పక్కన నిలబడే మనిషని ఆమెకు కొండంత ధైర్యం.

చివరికి బాబాయికి ఫోన్ చేసింది. ఆయన ముప్పై ఏళ్లు స్టూడియోల్లో రికార్డింగు చేసి రిటైరైనవాడు.

"ఒకేసారి నాలుగూ మార్చకు తల్లీ. ఒక్కటి మార్చు, పది నిమిషాలు చదువు, విను. అది కాదని తేలాకే ఇంకోటి ముట్టుకో."

ఆయన చెప్పినట్టే చేసింది. మైకు తీగ మార్చింది. ఛార్జరు పీకేసి చదివింది. శబ్దాన్ని కంప్యూటరు కాసేపు పోగేసుకునే చోటుంటుంది, దాన్ని బఫర్ అంటారు, పెంచి చూడమంటే పెంచింది. టిక్కులు తగ్గాయి, పోలేదు. ఒకే పేజీ నలభైసార్లు చదివి చదివి తలప్రాణం తోకకొచ్చింది.

"అయితే వైర్ల గొడవ కాదమ్మాయ్" అన్నాడు బాబాయి. "నువ్వు రికార్డు చేస్తుండగా వెనకాల ఇంకో ప్రోగ్రామేదో నడుస్తోంది. అది అడ్డం పడినప్పుడల్లా నీ గొంతు తెగుతోంది. ఇంట్లో ఎవరైనా ఏమైనా ఎక్కించారా?"

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె కూతుర్ని నిలదీసింది.

"వెనకాల ఏదో ప్రోగ్రాము నడుస్తోందని బాబాయి అన్నాడు. ఏ గేమ్ ఎక్కించావే?"

"ఏం ఎక్కించలేదమ్మా."

"ఆ కంప్యూటరు ముట్టుకునేది నువ్వూ నేనేగా! అది తనంతట తనే ఎక్కించుకుందా?"

"ఒట్టమ్మా, నేను కాదు!" పద్నాలుగేళ్ల పిల్లకి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏమండీ, మీరైనా అడగండి."

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "పోనీలే, చిన్నపిల్ల. ఇంక చెయ్యదులే" అన్నాడు.

ఆమె పాస్‌వర్డ్ మార్చేసింది. కూతురు హోంవర్కు కోసం స్నేహితురాలి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. ముఖం గంటు పెట్టుకుని వచ్చేది, తినేది, పడుకునేది. అమ్మా అన్న పిలుపు ఇంట్లో వినిపించి మూడు వారాలైంది. టిక్కులు మాత్రం అలాగే వినిపిస్తున్నాయి. లైబ్రరీ వాళ్లు చూసీ చూసీ, పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ పుస్తకం ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆరేళ్లలో ఆమె చేతిలోంచి పుస్తకం వెనక్కి వెళ్లడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు. "కంప్యూటర్లో ఏమేం నడుస్తున్నాయో చూపించే జాబితా తెరువు. చదువుతూ దాని మీదే కన్నేసి ఉంచు. టిక్కుమన్నప్పుడు ఏది పైకి లేస్తుందో చూడు."

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చదివింది. టిక్. జాబితాలో అడుగున ఉన్న ఓ పేరు చటుక్కున పైకొచ్చి మళ్లీ కిందికి జారింది. ఇంకోసారి టిక్. మళ్లీ అదే పేరు. అదెక్కడుందో వెతుక్కుంటూ పోతే ఒక ఫోల్డరు తెరుచుకుంది. నిండా ఆడియో ఫైళ్లు, తేదీలతో సహా. ఒకటి నొక్కింది.

అక్కతో ఫోన్లో తను మాట్లాడుతున్న మాటలు. అమ్మ జబ్బు సంగతి చెప్పుకుని ఏడ్చిన ఏడుపు. ఇంకోటి నొక్కింది. ఖాళీ గదిలో తను దగ్గిన దగ్గు, కుర్చీ కిర్రుమనడం, తనలో తను గొణుక్కోవడం. అవన్నీ ఎక్కడికి వెళ్తున్నాయో సెట్టింగుల్లో రాసి ఉంది. అది ఆమె భర్త మెయిల్.

మళ్లీ మొదటి ఫైలు పెట్టుకుని చివరిదాకా విన్నది.

ఆరింటికి ఆయన వచ్చేసరికి ఆమె ఆ ఏడుపున్న ఫైలే పెట్టింది. తన ఏడుపు గదిలో మోగుతుంటే ఆయన ముఖం పాలిపోయింది.

"ఎందుకు?" అంది.

"ఒకరోజు టిఫిన్ బాక్సు మర్చిపోయి వెనక్కొచ్చాను. నువ్వు లోపల ఎవరితోనో... నువ్వు లేకపోతే నేను బతకలేను అంటున్నావు. ఆ రాత్రే అది ఎక్కించాను."

"అది కథ. నేను చదువుతున్న కథ."

"తర్వాత తెలిసింది."

"ఎప్పుడు?"

"మొదటి వారంలోనే. మొత్తం విన్నాక."

"తెలిశాక తీసేయొచ్చుగా?"

"తీసేద్దామనే అనుకున్నాను. ఈ ఒక్క వారం, ఈ ఒక్క వారం అనుకుంటూ... అలవాటైపోయింది."

"టిక్కులు దానివల్లేనని ఎప్పుడు తెలిసింది?"

"మొదట తెలీదు. ఒట్టు. వైరు కొన్నప్పుడు నిజంగానే తెలీదు. మీ బాబాయి ఆ మాట అన్నాడని చెప్పావే, అప్పుడు అర్థమైంది."

ఆ మాట ఆమె చెప్పింది భోజనాల దగ్గరే. కూతురు ఏడుస్తున్నప్పుడు.

అంతవరకు ఆమెలో ఎక్కడో ఒక మూల, పోనీ, అనుమానం వచ్చింది, మగబుద్ధి అని సర్దుకోవాలనే ఆశ ఉంది. అది చచ్చిపోయింది. తన మాటలు దొంగలా విన్నాడు, సరే. పిల్లమీద నింద పడుతుంటే, తప్పు ఎవరిదో తెలిసీ, "ఇంక చెయ్యదులే" అన్నాడు. క్షమించినట్టు అన్నాడు.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ" అంది.

కూతురి దగ్గరికి వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పింది. పిల్ల గోడకేసి తిరిగింది. "నేను చెప్తే నమ్మలేదు. కంప్యూటరు చెప్తే నమ్మావు" అంది. ఆమె తలొంచుకుంది.

బాబాయి ఫోన్లో చెబుతుండగా ఆ ప్రోగ్రాము తీసేసింది. మర్నాడు రికార్డింగులో వెతికినా ఒక్క టిక్కు లేదు. కానీ అరపేజీ దాటలేకపోయింది. ప్రతి వాక్యం చివర ఆగి తలుపుకేసి చూడటమే సరిపోయింది.

మూడోరోజు లైబ్రరీకి వెళ్లి, స్టోరు పక్కనున్న చిన్నగది అడిగింది. "మీరు చదువుతానంటే ఇవ్వనా?" అని లైబ్రేరియన్ తాళం చేతికిచ్చింది. వెనక్కి పోయిన పుస్తకం ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. తొమ్మిది పాఠాలూ మొదటినుంచి మళ్లీ చదివి, పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఇచ్చేసింది. కూతురు స్కూలు నుంచి నేరుగా అక్కడికే వచ్చి, బయట బెంచీ మీద లెక్కలు చేసుకునేది. మొదట్లో అమ్మతో అవసరానికే మాట్లాడింది. పదిరోజులకు ఒక లెక్క చెప్పమని పుస్తకం ముందుకు జరిపింది.

ఆఖరి పాఠం ఇచ్చిన సాయంత్రం గేటు దగ్గర ఆయన బండేసుకుని నిలబడి ఉన్నాడు. "ఎక్కండి, ముగ్గురం వెళ్దాం" అన్నాడు మెల్లగా.

"మీరు వెళ్లండి. మేం బస్సులో వస్తాం" అంది.

బస్సు రాగానే తల్లీకూతుళ్లిద్దరూ ఎక్కారు.