రెండంగుళాల మడత

నా తమ్ముడు నోటితో ఎదురు చెప్పడు, కత్తెరతో చెబుతాడు. ఇరవై రెండేళ్లుగా మా కుట్టు షాపులో బట్ట కత్తిరించేది వాడు. ఆర్డర్లు పట్టేదీ, డబ్బు చూసుకునేదీ నేను. వాడు నా మాట వినలేదన్న సంగతి నాకెప్పుడూ బట్ట తెగాకే తెలుస్తుంది.

ఈసారి నాలుగు వందల స్కూలు స్కర్టుల ఆర్డరు. మొదటి అరవై కుట్టడం అయిపోయి ఇస్త్రీ బల్ల మీదికి వచ్చాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే అంచు దళసరిగా తగిలింది. తిరగేశాను. లోపల రెండంగుళాల బట్ట మడిచి కుట్టి ఉంది. ఇంకోటి తిరగేశాను. అదీ అంతే. నేను చెప్పింది అరంగుళం. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంట్రా ఇది?"

వాడు తలెత్తకుండా ఇంకో బట్ట బల్ల మీద పరుచుకున్నాడు.

"నిన్నే! ఎంత వదలమన్నాను, ఎంత వదిలావు?"

"పిల్లలు ఎదుగుతారక్కా."

"ఎదిగితే కొత్తవి కొనుక్కుంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఇప్పుడు ఏ షాపువాడు ఇంత వదులుతున్నాడో చెప్పు."

"నాన్న వదిలేవాడు."

ఇంకేమన్నా ఊరుకునేదాన్నేమో, నాన్న పేరెత్తేసరికి నా ఒళ్లు తెలియలేదు. చేతిలో ఉన్న స్కర్టు విసిరి కొట్టాను. మిషన్ల మీద ఉన్న ఆడవాళ్లిద్దరూ కాళ్లు ఆపేసి తలలు వంచుకున్నారు.

దాచడమెందుకు, లెక్క చెబుతాను. నాలుగు వందల స్కర్టుల మీద ఆ మడత వల్ల పోయేది ఒక తాను బట్ట. దానికోసం నేనింత గొడవ పడను. మడత లేకపోతే పిల్ల ఏడాదిలో పొడుగవుతుంది, స్కర్టు పొట్టిదవుతుంది, తల్లి మళ్లీ మా షాపుకే వస్తుంది. నాకు కావలసింది ఆ రెండో రాక. పోయిన ఏడాది నూట యాభై స్కర్టులు అలాగే కుట్టించాను. అప్పుడు వాడు కిక్కురుమనకుండా కత్తిరించాడు. ఈ ఏడు ఏ పురుగు కుట్టిందో!

"నీకు ఎంతయితే చాలక్కా?" అన్నాడు వాడు, నేల మీది స్కర్టు తీసి దులుపుతూ.

"ఏంటి ఎంత?"

"డబ్బు. మోటారు మిషన్లు కొంటే చాలన్నావు. కొన్నాం. సొంత ఇల్లయితే చాలన్నావు. అయింది. ఇప్పుడు పక్క గది కూడా తీసుకుని అద్దాల తలుపు పెడితే చాలంటున్నావు. ఎక్కడ ఆగుతావో చెప్పు, నేనూ అక్కడిదాకా వస్తాను."

జవాబు లేనప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను. "మొన్నటిదాకా నీ పిల్లల ఫీజులు ఎక్కణ్ణుంచి వచ్చాయిరా? నీ కత్తెరలోంచి రాలాయా? నేను కాబట్టి నిన్ను పెట్టుకుని నెట్టుకొస్తున్నాను!"

ఆ మాట పెదవి దాటిపోయింది. నోరు జారితే తీసుకోలేమని తెలిసీ జారాను.

వాడు బల్ల సొరుగులోంచి పాత గుడ్డ తీసి, కత్తెర తుడిచి, అందులో చుట్టడం మొదలుపెట్టాడు. మా పనిలో కత్తెర కటింగ్ మాస్టరు సొంతం. రాత్రి ఇంటికెళ్లేటప్పుడు కూడా బల్ల మీదే వదిలి వెళతాడు. గుడ్డలో చుట్టాడంటే రేపు రాడని అర్థం. నాన్న ఆ కత్తెర వాడి చేతిలో పెట్టినప్పటి నుంచి అది గుడ్డ ముఖం చూడలేదు.

వద్దురా అనాలి. కానీ ఇంకా మండుతూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా, భుజాన టిక్కెట్ల సంచి, పక్కన పదకొండేళ్ల కూతురు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, తొందరలో ఉంది. సంచిలోంచి ముదురు నీలం స్కర్టు తీసింది.

"కొంచెం పొడుగు దించాలి మేడమ్. మోకాళ్ల పైకి వచ్చేసిందని స్కూల్లో నిలబెడుతున్నారు. మీ దగ్గర కుట్టిందే, లోపల బట్ట ఉంటుందిగా?"

తిరగేశాను. అరంగుళం ఉంది. మా షాపు చీటీ కూడా ఉంది, నడుము దగ్గర.

"లేదు," అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. కొత్తది ఎంత అని అడగలేదు. అడగదని నాకు తెలిసిపోయింది. "పోనీ వేరే ముక్క ఏదైనా కింద అతకండి. రంగు కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు."

ఆ పిల్ల తల్లి చెయ్యి లాగి చిన్నగా అడిగింది. "అమ్మా, గీత కనిపిస్తుందా?"

నా చెవుల్లో ఎవరో గట్టిగా అరిచినట్టయింది.

మా నాన్న నా స్కర్టుకి మూడంగుళాలు వదిలేవాడు. ఏటా ఒక అంగుళం దించేవాడు. దించినచోట పాత మడత గీతగా మిగిలేది, దాని పైన వెలిసిన నీలం, కింద కొత్త నీలం. ఒకరోజు ఆటల పీరియడ్లో, బట్టల కొట్టు వాళ్ల అమ్మాయి నన్ను అందరి మధ్యా నిలబెట్టి వేలితో గీతలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. "దీని స్కర్టుకి నాలుగేళ్లర్రా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల మీద కన్నా ఆ నవ్వు మీదే నాకు ఇప్పటికీ కోపం. చదువు అయ్యేదాకా నా పేరు గీతల పిల్ల.

ఇల్లు కొన్నరోజున కూడా నాకు ఆ వేలే గుర్తొచ్చింది. చూడవే, అనుకున్నాను. ఆ బట్టల కొట్టు పిల్ల ఎక్కడుందో, అసలు బతికుందో లేదో! దానికి చూపించడానికి ఇరవై రెండేళ్లు మిషను తొక్కాను. చివరికి ఇంకో పిల్లని తీసుకెళ్లి దాని వేలి ముందు నిలబెట్టాను.

"కనిపిస్తుంది," అన్నాను పిల్లతో. నా గొంతు కరుకుగా ఉంది. "కింద అతికితే కనిపిస్తుంది. పైన అతుకుతాను. నడుము పట్టీ విప్పి దాని కింద రెండంగుళాలు వేస్తే, అతుకు చొక్కా కిందకి పోతుంది. ఎవరికీ తెలీదు. కూర్చో."

పట్టీ కుట్లు ఒక్కొక్కటే విప్పాను. ఇంత చిన్న పని! పావుగంట పని! నాన్నకి చేతకాక కాదు. నాలుగేళ్లు వచ్చే స్కర్టు కుట్టానని ఆయన వీధంతా చెప్పుకునేవాడు. ఆ గీతలు ఆయనకి గొప్ప. నాకు నొప్పని ఆయనకేం తెలుసు? నేను చెప్పలేదు. ఇంటికి వచ్చి కూడా నవ్వుతూనే ఉన్నాను. ఈ పిల్ల అడిగింది, నేను అడగలేదు.

కుట్టి ఇచ్చాను. పిల్ల తొడుక్కుని, చొక్కా కిందికి లాక్కుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుంది.

"ఎంతివ్వమంటారు?" అంది కండక్టరమ్మ.

కుట్టు కూలి చెప్పి తీసుకున్నాను. ఊరికే చేస్తే ఆ పిల్లకి అదో గీత.

వాళ్లు వెళ్లాక తమ్ముడి వైపు తిరిగాను. గుడ్డ మూట చేతిలో పట్టుకుని గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు, వెళ్లకుండా.

"మిగతా మూడు వందల నలభైకి మూడంగుళాలు వదులు. కింద కాదు, పైన. పట్టీ లోపల."

"రెండు చాలక్కా."

"మూడన్నానా! చెవుల్లో ఏం పెట్టుకున్నావు? ఇప్పుడైనా నేను చెప్పినట్టు కత్తిరించి చావు!"

వాడు మూట విప్పాడు.