అర మెట్టు కింద

ఏమోయ్, క్లారినెట్ అంటే జాతరలో కొన్న పీపీ అనుకునే పెద్దమనిషీ! ఆ ఇకిలింపు ఆపి ఇటు జరిగి కూర్చో. నాచారం బ్యాండు పోశయ్యకు ఉప్పల్ చౌరస్తాలో చెమటలు పట్టిన సంగతి చెప్తాను.

పోశయ్య ఏళ్లుగా ముందు వరస క్లారినెట్. ఎవరి చాయ్‌లో ఉప్పు కలపాలా అన్నదే ఆయన ధ్యాస. ఆ ఏడు జనగామ నుంచి ఉపేందర్ అనే కొత్త క్లారినెట్ వచ్చాడు. వాడి ఊదుడు విని బ్యాండు మాస్టర్ బసవరాజు, "ఇయ్యాల బరాత్‌ల ఎవరు మంచిగ ఎత్తుకుంటే ముందు వరస వాళ్లదే" అనేశాడు. పోశయ్య గుండెలో రాయి పడింది.

బ్యాండు దుకాణంలో అందరివీ బీ ఫ్లాట్ క్లారినెట్లు. ఎవరూ ముట్టని 'ఏ' క్లారినెట్ ఒక్కటుంది. అదే నలుపు, అవే మీటలు, కాస్త పొడుగు. వేళ్లూ అలాగే పెట్టాలి. స్వరం మాత్రం అర మెట్టు కింద పలుకుతుంది. ఉపేందర్ చాయ్‌కి వెళ్లగానే పోశయ్య దాన్ని వాడి పెట్టెలో పెట్టాడు. వాడిదాన్ని బీరువా వెనక దాచి, నవ్వుకుంటూ పాన్ డబ్బాకు నడిచాడు.

సాయంత్రం బరాత్ ఊరేగింపుకు చౌరస్తాలో పెళ్లికొడుకు గుర్రమెక్కాడు. మొదట కీబోర్డు, రెండు క్లారినెట్లే ఎత్తుకోవాలి. బండి మీది దుర్గేష్ కీబోర్డు మీద సుర్, అదే శ్రుతి, ఇచ్చాడు. ఇద్దరూ ఊదారు.

గుర్రం బెదిరి పక్కకు జరిగింది. అంత అపస్వరం! పోశయ్య సంబరంగా ఓరకంట చూశాడు. ఉపేందర్ కళ్లు మూసుకుని హాయిగా వాయిస్తున్నాడు. పోశయ్య ఊదడం ఆపాడు.

అపస్వరమూ ఆగింది.

"ఏంది పోశయ్యా, తాగొచ్చినవా?"

"లే మాస్టర్, నీ మీదొట్టు!"

మళ్లీ ఊదాడు. మళ్లీ అదే గోల. కంగారులో తనదే మార్చుకున్నాడా? తిప్పి చూశాడు. భార్య సత్తమ్మ కట్టిన ఎర్రదారం అలాగే ఉంది. వేళ్లూ సరిగ్గానే పడుతున్నాయి. మరి ఇదేం మాయ?

"చాల్తియ్! పెద్ద డోలు పక్కకు పో!" అని అరిచాడు మాస్టర్.

పోశయ్య వెనక్కి నడిచాడు. కీబోర్డు బండి దగ్గర ఉపేందర్ వంగి, బండి కింద నుంచి తన సొంత క్లారినెట్ తీస్తున్నాడు.

"ఫికర్ జెయ్యకు మామా, నీది మంచిగనే ఉంది" అన్నాడు దుర్గేష్. "నువ్వు పాన్‌కు పోంగనే మేం సుర్ కలిపి సూసినం, కలుస్తలేదు. ఎతికితే వీని బాజా బీరువా ఎనక దొరికింది. గందుకే కీబోర్డునే అర మెట్టు కిందికి దించిన. ఇగో, ఇప్పుడు ఎక్కిస్తున్న" అంటూ బటన్ నొక్కాడు.



ఉపేందర్ 'ఏ' క్లారినెట్‌ను పోశయ్య చంకలో పెట్టాడు. "తప్పు బాజా నా చేతిలుండె, తప్పు వాయించినోనివి మాత్రం నువ్వే అయితివి. ఎట్ల మామా?"