వజూ నీళ్ళ టేకు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆళ్లగడ్డలో నలభై ఏళ్ళుగా తలుపులు చేస్తున్నాను, కట్టె సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే నంద్యాల కాలేజీ నుంచి శ్రీవాణి అనే అమ్మాయి వచ్చి, "ఏ ఏడు వానలెట్లా పడినాయో టేకు చెక్కలో ఉంటాదన్నా" అంటే నవ్వొచ్చింది.

మా పెరటి టేకు మొన్న గాలికి పడిపోయింది. నా కొట్లో తెచ్చి వేసిన దాని మొద్దు నుంచి ఒక బిళ్ళ కోసిమ్మని అడిగిందా అమ్మాయి. ఆ చెట్టు మా ఇంట్లో పాత పుండు. 2002 కరువులో నేను సున్నిపెంటకు కిటికీల పనికి పోయి ఎనిమిది నెలలు ఉండిపోయాను. ఎండాకాలంలో తిరిగొచ్చేసరికి చెట్టు మోడై నిలబడి ఉంది. నా భార్య ముంతాజ్ మీద నలుగురిలో విరుచుకుపడ్డాను.

"దినామూ వజూ నీళ్ళు దానికే పోసినా" అందామె. నమాజుకు ముందు ముఖమూ కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళవి. వీధిలోకి ట్యాంకరు వారానికోసారి వచ్చిన ఏడాది. నేను నమ్మలేదు. వానలొచ్చి చెట్టు చిగురించాక కూడా, ఇంటికొచ్చిన ప్రతివాడికీ "టేకును ఎండబెట్టిన మనిషి" అని ఆమెను చూపించి నవ్వాను. ముంతాజ్ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

బిళ్ళకు చిత్రిక పట్టి, తడిగుడ్డతో తుడిచి ఇచ్చాను. ఏడాదికొకటిగా వలయాలు తేటగా కనబడ్డాయి. శ్రీవాణి భూతద్దం పెట్టి, బెరడు నుంచి లోపలికి సూదిమొనతో లెక్కపెట్టింది. ఒకచోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తర్వాత సంచిలోంచి నల్లమల టేకు బిళ్ళ ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఇది అడివి టేకన్నా. కరువు ఏడు వలయం చూడు, ఎంట్రుకంత. నీళ్ళు పైకి పోయే రంధ్రాలు కూడా సన్నం. మీ చెట్టుకేందీ, అదే ఏడు ఇంత వెడల్పుంది, రంధ్రాలు ఇంత పెద్దగుండాయి? ఎవరో విడవకుండా నీళ్ళు పోసినారు."

"మరి ఆకులన్నీ రాలిపోయినాయే?"

"ఎండాకాలం టేకు ఆకు రాల్చక ఏం చేస్తాదన్నా?"

అది నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు కోపానికి గుర్తురాలేదు. భూతద్దం లాక్కుని మూడుసార్లు చూశాను.

ఇంకో బిళ్ళ కోసుకుని ఇంటికి పోయాను. ముంతాజ్ సాయంత్రం నమాజుకు వజూ చేసి లేస్తోంది.

"ఏందది తెస్తాండావ్?"

"మన టేకు. ఆ కరువులో నువ్వు నీళ్ళు పోసినావు. ఇదో, ఈడ కనపడ్తాంది. తప్పు నాదే."

ఆమె బిళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"నేను చెప్తే ఇరవై రెండేండ్లు నమ్మలే. కట్టె చెప్తే ఒక్క దినంలో నమ్మినావే!"

ఆమె బిళ్ళ అందుకుని, కొంగుతో తుడిచి, వసారాలోని మంచినీళ్ళ కడవకు దాన్నే మూతగా పెట్టి, నమాజుకు లోపలికి పోయింది.

ఆ మూత ఎత్తకుండా ఇప్పుడు మా ఇంట్లో నాకు గుక్కెడు నీళ్ళు దొరకవు.