నేరం పొరది, శిక్ష ఎలక్ట్రోడ్‌కు

ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని టీ చల్లారేలోపు తీసిపారేస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు! ఆరీఫాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబులో ఆమె పరిశోధన. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే సెల్ మీద పని. అందులో ఎలక్ట్రోడ్ అచ్చంగా ఆమెదే. ఖరీదైన ప్లాటినం బాగా తగ్గించి, కదిరిలో ఉన్న అమ్మను పండక్కి కూడా చూడకుండా కూర్చుని తయారుచేసుకుంది. బెళుగుప్ప వైపు పల్లెల్లో కరెంటు పోయినా టీకాల ఫ్రిజ్ ఆగకూడదని ఆమె పంతం.

చలికాలమంతా నిక్షేపంగా నడిచిన సెల్ వేసవి ముదిరేసరికి నీరసించింది. నిధులిచ్చే సంస్థ తరఫున వచ్చిన వనజాక్షి మేడం గ్రాఫు ఒకసారి చూసి, “ఎలక్ట్రోడ్ పనికిరాదు” అని రాసేసింది. ఆ మాట పైకి పోతే ప్రాజెక్టు మూతే.

“ఎలక్ట్రోడ్ కాదు మేడం, నడిమి పొర పోతాండాది,” అంది ఆరీఫా. కోపమొస్తే ఆమె నోట పుస్తకాల తెలుగు నిలవదు. “రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య ఉండే పొర తడిగా ఉంటేనే పని చేస్తాది. ఈడి గాలికి పగలు ఎండి, రాత్రి ఉబ్బి, అది చీలిపోతాండాది. చీలికల్లోంచి హైడ్రోజన్ అవతలికి పోయి ఎలక్ట్రోడ్‌ను కాలుస్తాది. పొర విరిగితే దాంట్లోని ఫ్లోరైడ్ బయటికొస్తాది. సెల్ నుంచి కారే నీళ్లలో అదే దొరికినాది.”

మేడం నవ్వింది. “అనంతపురం నీళ్లలో ఫ్లోరైడ్ దొరక్కపోతే ఆశ్చర్యపోవాలి గానీ! గాలిని తడపడానికి ఆ సీసాలో బోరు నీళ్లు పోసుంటారు.”

“డిస్టిల్డ్ వాటర్ మేడం! బోరు నీళ్లు నేను తాగినా గానీ దానికి పొయ్యలేదు.”

“పోయలేదని నేనెలా నమ్మాలి?”

ఆ మాటతో ఆరీఫా లేచింది. పాత ఫ్లోరైడ్ మిగలకుండా సెల్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కడిగిన నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేసింది. పల్లెల్లో బోర్లు పరీక్షించే మందే అది. ఫ్లోరైడ్ ఉంటే పసుపు, లేకుంటే గులాబీ. గులాబీ రంగే నిలిచింది. తర్వాత తడిపే సీసాను ఊడబెరికి బల్ల మీద పెట్టింది.

పక్కనే ఉన్న గైడు తిప్పయ్య సారు ఉలిక్కిపడ్డాడు. “ఏమ్మా, మతి గాని పోయిందా? ఎండుగాలితో తోలితే అది చస్తాది. నీకుండేది ఆ ఒక్క సెల్లే!”

“చావనీండి సార్. ఇప్పుడు బయటినుంచి చుక్క నీళ్లు పోవు. హైడ్రోజన్, గాలి కలిసి లోపల పుట్టే నీళ్లే బయటికొస్తాయి. వాటిని ఏ బోరు మీదికి తోస్తారో చూస్తా.”

కిటికీలోంచి వడగాలి కొడుతోంది. ముగ్గురూ సెల్ చుట్టూ కూర్చున్నారు. గొట్టం చివర చుక్కా చుక్కా చేరి చిన్న గ్లాసు అడుగు తడిసేసరికి మధ్యాహ్నం దాటింది. కరెంటు మాత్రం ఉదయం ఉన్నట్టే ఉంది. ఆరీఫా మందు వేసింది. గులాబీ ఒక్క క్షణం ఆగి, పసుపుకు తిరిగింది.

వనజాక్షి గ్లాసును వెలుతురుకెత్తి చూసింది. నవ్వు పోయింది. “సరే, పొర విరుగుతోంది. ఒప్పుకున్నా. అయితే ఎలక్ట్రోడ్ కూడా బలహీనం కాదని ఏముంది?”

“ఇంక ఆపు తల్లీ,” అని తిప్పయ్య సారు బతిమాలాడు. “సెల్ అన్నా మిగుల్తాది.”

ఆపితే నిజంగానే మిగులుతుంది. ఆరీఫా చెయ్యి హైడ్రోజన్ వాల్వు దాకా పోయింది కూడా. కన్నబిడ్డలా సాకిన దాన్ని చేజేతులా చంపుకోవడం మాటలా! కానీ అనుమానం మిగిల్చిన సెల్‌ను పెట్టుకుని ఏం చేసుకోవాలి? చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆపను సార్. ముందు ఫ్లోరైడ్ వచ్చినాది, అప్పటికి కరెంటు తగ్గలేదు, అంటే ఎలక్ట్రోడ్ బాగానే ఉన్నాది. ఇప్పుడు తగ్గేది చూడండి మేడం.”

కాసేపటికి మీటరు జారడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత దబదబా. పొరలో చిల్లులు పడి హైడ్రోజన్ అవతలికి దూరింది. సెల్ వేడెక్కి, కరెంటు అడుగంటింది. ఆరీఫా వాల్వు కట్టేసింది.

“ఇల్లు కూలి మనిషి చస్తే గుండె బలహీనమని రాస్తారా మేడం?”

వనజాక్షి కాగితం ముందుకు లాక్కుని, పొద్దున రాసిన మాట కొట్టేసి, “లోపం పొరది. పని కొనసాగించాలి” అని రాసి సంతకం పెట్టింది. తర్వాత మెత్తగా అంది: “బెంగళూరులో మా ల్యాబుకు వచ్చెయ్యమ్మా. ఏసీ, కావలసినంత తేమ. అక్కడైతే నీ సెల్ ఏళ్లకేళ్లు బతుకుతుంది.”

ఆరీఫా చచ్చిన సెల్‌ను రెండు చేతులతో ఎత్తుకుంది. ఇంకా కాలుతోంది.

“ఆడ బతికి ఎవురికి మేడం? ఈ ఎండలో బతికే పొర పంపించండి. మిగతాది ఈడనే చేస్తా.”